కప్పులెన్ని అని అడిగితే ఏం చెప్పాలి: సరిహద్దు ఊళ్ల హైదరాబాద్ అభిమానులకు

ఏప్రిల్ వచ్చిందంటే మా పర్లాకిమిడిలో ఉక్కపోతతో పాటు ఫోన్లలో గొడవ కూడా మొదలవుతుంది. మాది ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. అందుకని ఇక్కడ ఒక్కో మనిషి మూడేసి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటాడు. కాలేజీలో కలిసి చదివిన ఒడియా స్నేహితులది ఒకటి, శ్రీకాకుళం వైపు చుట్టాలది ఒకటి, పని కోసం హైదరాబాద్ వెళ్లిపోయిన మన ఊరి కుర్రాళ్లది ఇంకొకటి. ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ ఓడిన రాత్రి ఈ మూడింటిలోనూ ఒకటే మెసేజ్ వస్తుంది: "మీకు కప్పులెన్ని?"

నేను 2008 నుంచీ హైదరాబాద్ జట్టునే పట్టుకుని ఉన్నాను. ఈ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పి తల దించుకున్న రోజులున్నాయి, సరైన జవాబు చెప్పి అవతలి వాడి చేత "నిజమే భాయి" అనిపించుకున్న రోజులూ ఉన్నాయి. మీరు నాలా ఎదురుదెబ్బ తిని నేర్చుకోనక్కర్లేకుండా, ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఒక లాంగ్ నోటుబుక్కు కొనండి. ఫోన్‌లో దాచుకుంటే వాదన వేడిలో వెతుక్కోవడంతోనే సరిపోతుంది, చేత్తో రాసింది మాత్రం నోటికొస్తుంది. పేజీ మధ్యలో గీత గీసి ఎడమ వైపు డెక్కన్ ఛార్జర్స్ అని, కుడి వైపు సన్‌రైజర్స్ హైదరాబాద్ అని రాయండి. ఈ గీత చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను. ఎడమ వైపు అయిదేళ్లే ఉంటాయి. 2008లో 14 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచి అట్టడుగున నిలిచాం. 2009లో కప్పు. 2010లో సెమీఫైనల్. 2011, 2012ల్లో ముందుకెళ్లలేదు. కుడి వైపు 2013 నుంచి మొదలవుతుంది. మొదటి ఏడాదే ప్లేఆఫ్స్ (పట్టికలో మొదటి నాలుగు జట్లు ఆడే చివరి దశ), 2016లో కప్పు, 2018లో ఫైనల్లో చెన్నై చేతిలో ఓటమి, 2021లోనూ 2023లోనూ పట్టికలో చివరి స్థానం, 2024లో మళ్లీ ఫైనల్, మళ్లీ ఓటమి. ఇంకో సంగతి ఎర్ర పెన్నుతో రాసుకోండి: 2016 నుంచి 2020 దాకా వరసగా అయిదేళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లాం. ఇది మన వాళ్లకే గుర్తుండదు. "మీరు ఎప్పుడూ అడుగునే కదా" అన్నవాడికి ఈ ఒక్క లైను చాలు.

ఓటములు కూడా ఎందుకు రాయాలి అని అడుగుతారేమో. అవతలి వాడు మొదట తీసేది అవే కాబట్టి. వాడు చెప్పేలోపు మీకే తెలిసి ఉండాలి, వాడికంటే సరిగ్గా తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఆ గీత సంగతి. వాదనల్లో సగం ఇక్కడే చెడిపోతాయి, అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను.

చాలా ఏళ్ల క్రితం ఒక రాత్రి ఒడియా గ్రూపులో నేను "మాకు రెండు కప్పులు" అని కొట్టాను. అయిదు నిమిషాల్లో ఒక స్నేహితుడు తీరిగ్గా జవాబిచ్చాడు. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు డెక్కన్ ఛార్జర్స్ ఒప్పందాన్ని రద్దు చేసింది, అక్టోబరులో హైదరాబాద్ జట్టు కోసం కొత్తగా బిడ్లు పిలిచింది, సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకి దక్కించుకుంది, అంటే ఇది కొత్త జట్టు, కాబట్టి 2009 కప్పు సన్‌రైజర్స్ ఖాతాలో లేదు. వాడు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నేను ఏదో ఒకటి అనాలని "పేరు మార్చుకుంది అంతే" అన్నాను. అది పచ్చి అబద్ధమని నాకూ తెలుసు. ఆ రాత్రి తర్వాత నేను ఏ నిజం చెప్పినా ఆ గ్రూపులో ఎవరూ నమ్మలేదు, ఒక సీజన్ మొత్తం అలాగే గడిచింది.

కాబట్టి మీరు ఇలా చెప్పండి, ఉన్నదున్నట్టు రాసిస్తున్నాను, కాపీ చేసుకోండి: "హైదరాబాద్ నగరానికి రెండు కప్పులు వచ్చాయి. 2009లో డెక్కన్ ఛార్జర్స్ తెచ్చింది, 2016లో సన్‌రైజర్స్ తెచ్చింది. సన్‌రైజర్స్ లెక్క అడిగితే ఒకటి. నేను రెండు జట్లకీ అభిమానిని." దీనికి ఎదురు చెప్పడానికి ఎవరికీ ఏమీ ఉండదు. ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

కొంతమంది మన వాళ్లు ఇంకో తప్పు చేస్తారు. గొడవెందుకని 2009ని పూర్తిగా వదిలేస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. ఆలోచించండి, చెన్నైకో ముంబైకో ఫ్రాంచైజీ ఉంది, పాత విజయాలు గుర్తు చేసేందుకు ఏటా వీడియోలు చేస్తుంది, పాత ఆటగాళ్లని పిలిచి దండలేస్తుంది. డెక్కన్ ఛార్జర్స్‌కి ఆఫీసు లేదు, యజమాని లేడు, జెర్సీ అమ్మే దుకాణం లేదు. ఆ జట్టు జ్ఞాపకం ఎక్కడైనా బతికుందంటే మనలాంటి వాళ్ల దగ్గరే. మనం కూడా వదిలేస్తే ఇక దాని ఊసెత్తేవాళ్లు ఉండరు.

అందుకే 2009 కథ మీకు బాగా వచ్చి ఉండాలి. ఎన్నికల వల్ల ఆ ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాలో జరిగింది. అంతకు ముందు ఏడాది అట్టడుగున ఉన్న జట్టు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద కెప్టెన్ గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్, ఎదురుగా బెంగళూరు, అదే గిల్‌క్రిస్ట్‌ని కుంబ్లే మొదటి ఓవర్లోనే సున్నాకి బౌల్డ్ చేశాడు. హెర్షెల్ గిబ్స్ చివరిదాకా నిలబడి 53 నాటౌట్. మొత్తం 143. కుంబ్లే 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఆయనకే ఇచ్చారు. బెంగళూరు 137 దగ్గర ఆగింది. 6 పరుగుల తేడా. ఈ కథలో కుంబ్లే పేరు దాచకండి. అవతలి జట్టు గొప్పతనం మీ నోటితో మీరే చెప్పినప్పుడు బెంగళూరు అభిమాని కూడా చివరిదాకా వింటాడు.

ఇక మన సరిహద్దు వాళ్లకి మాత్రమే వచ్చే ప్రశ్న ఒకటుంది. ఒడియా గ్రూపులో "నువ్వు ఒడిశా వాడివి, హైదరాబాద్‌తో నీకేం పని?" అంటారు. చుట్టాల గ్రూపులో "మీరు ఒడిశా వాళ్లు కదా, మా జట్టు గురించి మీకేం తెలుసు?" అంటారు. రెండు వైపుల నుంచీ ఒకే రోజు పడ్డ సందర్భాలున్నాయి నాకు. మనసు కష్టపడుతుంది, నిజమే, కానీ ఇక్కడ కోపంతో రాయకండి, ఎందుకంటే చరిత్ర పూర్తిగా మీ వైపే ఉంది.

2010లో తెలంగాణ ఉద్యమం వల్ల హైదరాబాద్‌లో మ్యాచ్‌లు పెట్టలేదు. డెక్కన్ ఛార్జర్స్ సొంత మ్యాచ్‌లు మూడు చోట్లకి మారాయి: నవీ ముంబై, నాగ్‌పుర్, మన కటక్. ఆ మార్చిలో బారాబటి స్టేడియంలో రెండు మ్యాచ్‌లు, ఒకటి పంజాబ్‌తో, ఒకటి ఢిల్లీతో. రెండూ గెలిచాం. అంటే కొన్నాళ్లు డెక్కన్ ఛార్జర్స్‌కి ఒడిశాయే సొంత గడ్డ. 2012లో కూడా కటక్‌లో ఆడారు. మహారాష్ట్ర వైపు సిరొంచాలోనో దెగ్లూరులోనో ధర్మాబాద్‌లోనో ఉండి ఇది చదువుతున్నారా, మీకు నాగ్‌పుర్ ఉంది, జామ్‌ఠా స్టేడియం పేరు చెప్పండి. "హైదరాబాద్ జట్టుకి చోటు లేనప్పుడు చోటిచ్చింది మా రాష్ట్రమే" అని ధైర్యంగా రాయొచ్చు.

ఇంకా ప్రజ్ఞాన్ ఓఝా. పుట్టింది ఒడిశాలో, ఆడింది హైదరాబాద్‌కి. 2009 ఫైనల్లో 3 వికెట్లు. 2010లో 21 వికెట్లతో పర్పుల్ క్యాప్, అంటే ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే టోపీ. ఒడియా స్నేహితుడితో వాదన ముదిరినప్పుడు నేను ఓఝా పేరు తీస్తాను, గొడవ అక్కడితో ఆగి కబుర్లు మొదలవుతాయి. ఎందుకంటే అతను వాళ్లవాడూ, మనవాడూ.

చుట్టాల గ్రూపుకి జవాబు వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మా ఊరు అటు కలిసింది, అంతే. మనం ఎవరమూ ఎక్కడికీ వెళ్లలేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. మామయ్య వరసైన వాళ్లు అన్నప్పుడు ఇది కాస్త మెల్లగా, "మామయ్యా, ఒక్కమాట" అని మొదలుపెట్టి చెప్పండి. పెద్దవాళ్లతో చరిత్ర మాట్లాడేటప్పుడు మర్యాద తప్పితే మన మాట నిజమైనా ఎవరి చెవికీ ఎక్కదు.

తర్వాత నేర్చుకోవాల్సింది స్కోర్‌కార్డు చదవడం. అందరూ చూసేది వికెట్ల గడి ఒక్కటే. 2016 ఫైనల్ తీసుకోండి, మే 29, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. మనం 208. ఆ రాత్రి మేం మెయిన్ రోడ్డులో ఒక మొబైల్ షాపులో షట్టర్ సగం దించుకుని చూశాం, ఎనిమిది మందిమి. బెంగళూరు తరఫున గేల్ 38 బంతుల్లో 76 కొట్టాడు. పదిన్నర ఓవర్లకి బెంగళూరు వికెట్ పోకుండా 114. షాపులో ఎవరూ మాట్లాడలేదు, ఫ్యాన్ చప్పుడొక్కటే వినిపిస్తోంది, ఒకడైతే లేచి చెప్పులేసుకున్నాడు. అప్పుడు మన బెన్ కటింగ్ వేసిన బంతికి గేల్ క్యాచ్ ఇచ్చాడు. చెప్పులేసుకున్నవాడు మళ్లీ విడిచి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ మ్యాచ్ స్కోర్‌కార్డు తెరిచి భువనేశ్వర్ కుమార్ లైను చూడండి: 4 ఓవర్లు, 25 పరుగులు, 0 వికెట్లు. "ఫైనల్లో భువీ ఏం పీకాడు, ఒక్క వికెట్ లేదు" అని నన్ను ఎంతమంది అడిగారో. పక్కన ఈ లెక్క పెట్టండి. ఆ రాత్రి రెండు జట్లూ కలిపి 40 ఓవర్లలో 408 పరుగులు చేశాయి, అంటే ఓవర్‌కి పదికి పైనే. బెంగళూరు బౌలర్ వాట్సన్ తన 4 ఓవర్లలో 61 ఇచ్చాడు. భువీ ఓవర్‌కి ఆరు చిల్లర. చివరి ఓవర్లో 18 కావాలి, బంతి భువీ చేతిలో, ఇచ్చింది 9. గెలిచింది 8 పరుగులతో. వికెట్ల గడిలో సున్నా ఉన్నా ఆ కప్పులో అతని వాటా ఎంతో మీకు అర్థమైపోతుంది. కటింగ్‌ది కూడా ఇలాగే చెప్పండి: 15 బంతుల్లో 39 నాటౌట్, 2 వికెట్లు, అందులో ఒకటి గేల్‌ది.

ఆ ఏడాది గురించి ఇంకోటి. లీగ్ దశలో మూడో స్థానంలో నిలిచాం, కాబట్టి ఓడితే ఇంటికే అనే ఎలిమినేటర్ ఆడాలి. కోల్‌కతా మీద ఎలిమినేటర్, గుజరాత్ లయన్స్ మీద రెండో క్వాలిఫయర్, తర్వాత ఫైనల్, వరసగా మూడూ గెలవాలి. ఎలిమినేటర్ దారిన వచ్చి కప్పు కొట్టిన మొదటి జట్టు మనదే. "లక్కుతో కొట్టారు" అన్నవాడికి ఇది చెప్పి ఊరుకోండి, పొడిగించకండి.

ఇక మన గాయాల సంగతి. 2024 ఫైనల్లో కోల్‌కతా మీద 18.3 ఓవర్లలో 113కి ఆలౌటయ్యాం, ఐపీఎల్ ఫైనల్స్ అన్నిటిలో అదే అతి తక్కువ స్కోరు. 2018 ఫైనల్లో, అప్పటికి చెన్నైకి ఆడుతున్న వాట్సన్ ఒక్కడే 117 నాటౌట్ కొట్టి మన చేతిలోంచి మ్యాచ్ లాక్కున్నాడు. వీటిని వాడు తీసేలోపు మీరే తీయండి. "అవును, 113. చాలా బాధపడ్డాం. అదే ఏడాది బెంగళూరు మీద 287 కొట్టాం, ఢిల్లీ మీద పవర్‌ప్లేలోనే, అంటే మొదటి ఆరు ఓవర్లలోనే, వికెట్ పోకుండా 125 కొట్టాం, లక్నో మీద 166 లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో వికెట్ పోకుండా ఊదేశాం" అనండి. ఈ వరస మార్చకండి. ముందు 287 చెప్పి తర్వాత 113 ఒప్పుకుంటే దొరికిపోయిన దొంగలా ఉంటుంది.

డేవిడ్ వార్నర్ విషయం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిన కెప్టెన్, సీజన్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడికిచ్చే ఆరెంజ్ క్యాప్ మూడు సార్లు గెలిచినవాడు, 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత జట్టులోంచి కూడా పక్కన పెట్టారు. ఎవరైనా అడిగితే నేను సమర్థించను. మీరూ సమర్థించకండి. జట్టుని ప్రేమించడమంటే మేనేజ్‌మెంట్ చేసిన ప్రతి పనికీ తల ఊపడం అనుకుంటే ఈ వాదనలో దిగకపోవడమే మేలు. సిరాజ్ కూడా అంతే. హైదరాబాద్ కుర్రాడు, 2017లో మన దగ్గరే మొదలుపెట్టాడు, మరుసటి ఏడాదికి బెంగళూరు వెళ్లిపోయాడు. తప్పు తప్పే.

ఎదుటి జట్టుకి లేనిదాన్ని పట్టుకుని వాదించే అలవాటు ఉంటే మానుకోండి. ఏళ్ల తరబడి మన వాళ్లు బెంగళూరు అభిమానులని "మీకు సున్నా" అనే ఒక్కమాటతో నెట్టుకొచ్చారు. 2025లో వాళ్లు కప్పు కొట్టారు. ఆ రాత్రి మా గ్రూపులో ఆ మాట మీదే బతికిన వాళ్లకి రాయడానికి ఇంకేమీ దొరకలేదు. మీ జట్టు ఏం చేసిందో చెప్పండి, అది 2009లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది.

స్క్రీన్‌షాట్ వస్తే వెంటనే జవాబివ్వకండి. ఫేక్ స్కోర్‌కార్డులు బాగా తిరుగుతున్నాయి. పట్టుకోవడం తేలిక, కూడికలు వస్తే చాలు. బ్యాటర్ల పరుగులన్నీ కూడి ఎక్స్‌ట్రాలు కలపండి, మొత్తం స్కోరుతో సరిపోవాలి. బౌలర్లందరి ఓవర్లూ కూడితే ఇన్నింగ్స్ ఓవర్లతో సరిపోవాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకి బైలు, లెగ్‌బైలు కలిపితే మళ్లీ అదే మొత్తం రావాలి. మార్చినవాడు ఒక అంకె మారుస్తాడు గానీ మిగతా మూడు చోట్ల సరిచేయడం మర్చిపోతాడు. తేడా కనిపిస్తే ఆ లెక్కే గ్రూపులో పెట్టండి, తిట్టక్కర్లేదు. అసలు కార్డు కావాలంటే ఐపీఎల్ వాళ్ల సైట్‌లోనూ క్రిక్‌ఇన్ఫోలోనూ ప్రతి మ్యాచ్‌దీ దొరుకుతుంది.

భాష విషయం చిన్నదే గానీ మర్చిపోకండి. ఒడియా గ్రూపులో ఒడియాలోనే రాయండి, వచ్చీ రానిదైనా సరే. మన భాషలో మనవాడు వాదిస్తున్నాడని వాళ్లకి గౌరవం కలుగుతుంది. ఆటగాడి భార్యనీ తల్లినీ పిల్లల్నీ లాగేవాడు కనిపిస్తే, మన జట్టు వాడైనా సరే, అక్కడే ఆపండి. కులం, రాష్ట్రం ఎత్తితే అడ్మిన్‌కి చెప్పి మీరు బయటికొచ్చేయండి. మ్యాచ్ ఓడిన గంటసేపు ఏమీ రాయకపోవడం అన్నిటికంటే మంచిది. నేను రాసిన పనికిమాలిన మెసేజ్‌లన్నీ ఆ గంటలో రాసినవే.

చివరిగా, ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇంట్లో, వీధిలో ఆ 2010 మ్యాచ్‌లకి కటక్ వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. మా బాబాయ్ వెళ్లాడు, నన్నూ తీసుకెళ్లాడు. బస్సులో పలాస, అక్కడ్నుంచి రైలు. జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడే వెళ్లాం. స్టేడియంలో ఓఝా బంతి అందుకున్నప్పుడు చుట్టూ ఒడియాలో అరుపులు, మధ్యలో బాబాయ్ ఒక్కడే తెలుగులో "వేసేయ్ నాన్నా" అంటున్నాడు. మ్యాచ్ అయ్యాక కటక్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాం. ఆ టికెట్టు ముక్క బాబాయ్ ట్రంకు పెట్టెలో, భూమి కాగితాల మధ్య, ఇప్పటికీ ఉంది. "ఎప్పుడో పోయిన జట్టు గురించి నీకేం తెలుసు" అని ఒక కుర్రాడు అన్నప్పుడు నేను దాని ఫోటో పెట్టాను. అరగంట తర్వాత ఇంకో ఒడియా స్నేహితుడు ప్రైవేటుగా మెసేజ్ చేశాడు, వాళ్ల నాన్న కూడా ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడట, ఆయనకి చూపిస్తాను పెద్ద ఫోటో పంపమని అడిగాడు.

మీ ఇంట్లో అలాంటి టికెట్టు దొరికితే రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీయండి, వెనకాల పెన్నుతో ఏమైనా రాసి ఉంటే అది కూడా. లామినేషన్ మాత్రం చేయించకండి. బిల్లుల్లా థర్మల్ కాగితం మీద అచ్చయింది అయితే ఆ వేడికి మొత్తం నల్లబడిపోతుంది. మామూలు ప్లాస్టిక్ కవరులో వేసి, ఎండ తగలని చోట, ఆ నోటుబుక్కులో 2010 పేజీ దగ్గర పెట్టండి.